మ్యాప్ లేయర్ల మధ్య వివరాలు వాటంతట అవే జతపడాలంటే: క్యూజీఐఎస్‌లో చేసే పద్ధతి

ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఊరూరా తిరిగి చేతిపంపుల వివరాలు సేకరించారనుకోండి. ప్రతి పంపుకీ అక్షాంశం, రేఖాంశం, ఫొటో, తేదీ ఉన్నాయి. ఏ గ్రామం, ఏ మండలం అన్న గళ్లు మాత్రం సగం ఖాళీ. నింపిన సగంలో కూడా ఒకే ఊరి పేరు నాలుగు రకాలుగా ఉంది. ఇంకోపక్క రెవెన్యూ గ్రామాల హద్దుల లేయర్, అంటే మ్యాప్ మీద పొరలా పరిచే డేటా, మీ దగ్గరే ఉంది, అందులో గ్రామం, మండలం, జిల్లా పేర్లు, కోడ్‌లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మ్యాప్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఏ పంపు ఏ ఊళ్లో ఉందో కంటికి కనిపిస్తూనే ఉంది. కంటికి కనిపిస్తున్న ఆ సంగతిని టేబుల్‌లోకి ఎక్కించడమే స్పేషియల్ జాయిన్. ఒక్కో పాయింట్ మీద క్లిక్ చేసి, చూసి, టైప్ చేయనక్కర్లేదు.

ఈ పనిలో మీటలు నొక్కడం చాలా తేలిక. ఒక పాయింటుకో చెరువుకో రెండు హద్దులు తగిలితే ఏది లెక్కలోకి తీసుకోవాలన్నదే కష్టం. అది సాఫ్ట్‌వేర్ చెప్పదు, మీరే చెప్పాలి. అందుకే మీటల గురించి తక్కువ, ఆ నిర్ణయం గురించి ఎక్కువ రాస్తున్నాను. ఉచితంగా దొరికే మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో చూపిస్తాను, మిగతా సాఫ్ట్‌వేర్లకి చివర్లో వస్తాను.

పేరుతో కలపొచ్చు కదా అంటారేమో. రెండు టేబుళ్లలోనూ నమ్మదగిన కోడ్ ఉంటే, ఉదాహరణకు కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ వాళ్ల గ్రామ కోడ్ ఉంటే, మారుమాట లేకుండా దాంతోనే కలపండి, అదే అన్నిటికంటే గట్టిది. పేరుతో మాత్రం వద్దు. ఇంగ్లిష్ స్పెల్లింగులో పల్లి చివర ఒకచోట ఐ ఉంటుంది, ఇంకోచోట వై. వాడకి ఒకరు వి రాస్తారు, ఇంకొకరు డబ్ల్యూ. ఊరి పేరు చివర ఖుర్ద్ (చిన్న), బుజుర్గ్ (పెద్ద) అని పూర్తిగా రాసేవాళ్లు కొందరు, బ్రాకెట్‌లో ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లు కొందరు. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లయితే ఎన్ని ఊళ్లకి ఉన్నాయో చెప్పలేం. వీటన్నిటికీ తోడు జిల్లాలు మారాయి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత సర్వేలో వరంగల్ అని ఉన్న ఊరు ఇప్పుడు ములుగులో ఉండొచ్చు, జనగామలో ఉండొచ్చు. పేరు మారినా ఊరు కదలదు కాబట్టి స్థలాన్ని పట్టుకుని కలిపితే ఈ గొడవ ఉండదు.

ముందు డేటా సర్దుకోండి

చేతిపంపుల జాబితా సీఎస్‌వీ ఫైల్‌గా ఉంటే లేయర్ మెనూలో యాడ్ లేయర్, అందులో యాడ్ డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ తెరవండి. ఎక్స్ దగ్గర రేఖాంశం, వై దగ్గర అక్షాంశం పెట్టాలి. మనం మాట్లాడేటప్పుడు అక్షాంశం ముందు చెప్తాం కాబట్టి ఇక్కడ తారుమారు చేయడం చాలామందికి జరుగుతుంది. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4, రేఖాంశం 78.5. రెండూ అటుదిటు అయితే మీ పంపులన్నీ ఆర్కిటిక్ సముద్రంలో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల మీద తేలతాయి. జాయిన్ నడిపితే ఒక్కటి కూడా కలవదు. గుర్తుపట్టడం సులువే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా అక్షాంశం దాదాపు 12.6 నుంచి 20 లోపు, రేఖాంశం దాదాపు 76.7 నుంచి 85 లోపు ఉంటుంది. ఈ హద్దులు దాటిన పాయింట్ ఏదైనా అనుమానించాల్సిందే. జీపీఎస్ దొరకనప్పుడు కొన్ని యాప్‌లు సున్నా, సున్నా అని రాసేస్తాయి. అవి ఆఫ్రికా పక్కన గల్ఫ్ ఆఫ్ గినీ సముద్రంలో కనిపిస్తాయి. వాటిని ముందే పక్కకి తీయండి.

తర్వాత సీఆర్ఎస్, అంటే స్థానాన్ని అంకెల్లో ఏ పద్ధతిలో రాశారో చెప్పేది. ఒక్కో పద్ధతికి ఈపీఎస్‌జీ అని ఒక నంబర్ ఉంటుంది. ఫోన్ జీపీఎస్ ఇచ్చే పాయింట్లకి ఈపీఎస్‌జీ 4326 పెట్టాలి. హద్దుల లేయర్ వేరే సీఆర్ఎస్‌లో ఉన్నా టెన్షన్ అక్కర్లేదు, జాయిన్ టూల్ లోపల తనే మార్చుకుంటుంది. ఇబ్బందల్లా లేయర్ మీద తప్పు సీఆర్ఎస్ పేరు అంటించి ఉన్నప్పుడే. రెండు లేయర్లు ఒకదానిమీద ఒకటి కూర్చోకపోతే చాలామంది లేయర్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ లేయర్ సీఆర్ఎస్‌కి వెళ్లి, అందులో ఒకటి మార్చి ఒకటి పెట్టి చూస్తుంటారు. ఆ ఆప్షన్ అంకెలను మార్చదు, ఇవి ఏ పద్ధతిలో ఉన్న అంకెలో చెప్పే చీటీని మాత్రమే మారుస్తుంది. నిజంగా మార్చాలంటే ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో రీప్రాజెక్ట్ లేయర్ వాడాలి. చీటీ తప్పుంటే సెట్, చీటీ సరిగానే ఉండి మీకు వేరే పద్ధతి కావాలంటే రీప్రాజెక్ట్. ఈ రెండూ కలిపేస్తే ఆ తర్వాత చేసిన పనంతా పాడవుతుంది, పైగా తప్పు ఎక్కడుందో దొరకదు.

దూరాలు మీటర్లలో కావాల్సిన పని ముందుంది కాబట్టి మీటర్లలో కొలిచే సీఆర్ఎస్ పద్ధతి యూటీఎంలో మీ జోన్ ఏదో కూడా తెలిసి ఉండాలి. రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 78 నుంచి 84 డిగ్రీల మధ్య, అంటే జోన్ 44 ఉత్తరంలో ఉంది. దాని ఈపీఎస్‌జీ 32644. అనంతపురం, ఆదోని, నారాయణపేట, జహీరాబాద్ వైపు 78కి పడమర కాబట్టి జోన్ 43, అంటే 32643. శ్రీకాకుళం జిల్లాలో పలాస, ఇచ్ఛాపురం 84 దాటి జోన్ 45లోకి, అంటే 32645లోకి వెళ్తాయి. జిల్లా రెండు జోన్లలో పడితే ఎక్కువ భాగం ఎందులో ఉందో అది తీసుకోండి. ఇలాంటి పనికి ఆ తేడా చెప్పుకోదగ్గది కాదు.

మ్యాప్ డేటాని షేప్‌ఫైల్ అనే పాత ఫైల్ రకంలో దాచకండి. జియోప్యాకేజీ అనే రకంలో దాచండి. షేప్‌ఫైల్‌లో ఫీల్డ్ (టేబుల్ కాలమ్) పేరుకి 10 బైట్లే చోటు ఉంటుంది. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు కావాలి. "మండలం" అన్న చిన్న మాటలోనే మ, సున్నా, డ, ల, సున్నా కలిపి 5 గుర్తులు, అంటే 15 బైట్లు. ఫీల్డ్ పేరు మధ్యలోనే తెగిపోతుంది. ఇంగ్లిష్ పేర్లు పెట్టుకున్నా జాయిన్ తర్వాత రెండు లేయర్లలోని పొడుగు పేర్లు తెగి, ఒకేలా తయారై, చివర్లో 1, 2 అని అంకెలు తగులుతాయి. ఆర్నెల్ల తర్వాత తెరిస్తే ఏది దేని నుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

ఇక హద్దుల పాలిగన్లలో, అంటే ఒక్కో ఊరి చుట్టూ గీసిన మూసిన ఆకారాల్లో, గీతలు తమను తామే దాటుకున్న చోట్లు ఉంటాయి. అలాంటిది ఒక్కటి తగిలినా జాయిన్ టూల్ ఎర్ర అక్షరాలతో ఆగిపోతుంది. ఆగినప్పుడు కొందరు సెట్టింగుల్లోకి వెళ్లి తప్పున్న ఫీచర్లను (ఆకారాలను) వదిలేయమని చెప్పేస్తారు. అలా చేస్తే ఆ గ్రామం మొత్తం లెక్కలోంచి చడీచప్పుడు లేకుండా పోతుంది. దానికి బదులు టూల్‌బాక్స్‌లో ఫిక్స్ జామెట్రీస్ ఒకసారి నడిపి, వచ్చిన లేయర్‌నే వాడండి. డేటా వేలు, లక్షల్లో ఉంటే స్థలం ప్రకారం త్వరగా వెతికే సూచిక కట్టే క్రియేట్ స్పేషియల్ ఇండెక్స్ కూడా నడపండి, వేగంలో తేడా బాగా తెలుస్తుంది.

జాయిన్ నడపడం

వెక్టర్ మెనూలో డేటా మేనేజ్‌మెంట్ టూల్స్, అందులో జాయిన్ అట్రిబ్యూట్స్ బై లొకేషన్ తెరవండి. పైన అడిగే మొదటి లేయర్ చేతిపంపులు, అంటే ఏ టేబుల్‌కి కొత్త గళ్లు కలపాలో అది. పోల్చే లేయర్ అని అడిగిన చోట గ్రామాల హద్దులు. తారుమారుగా పెడితే ఊళ్ల టేబుల్‌కి పంపుల వివరాలు అంటుకుంటాయి.

మధ్యలో ఇంటర్‌సెక్ట్, కంటైన్, విథిన్, టచ్, ఓవర్‌ల్యాప్ లాంటి టిక్ గళ్లు వరసగా ఉంటాయి. ఏ సంబంధం ఉంటే కలిసినట్టు లెక్క అని అడుగుతోందన్నమాట. పాయింటు పాలిగన్‌లో ఉందా అన్న ప్రశ్నకి విథిన్ ఒక్కటే టిక్ పెట్టండి. ఇంటర్‌సెక్ట్ పెట్టినా దాదాపు అదే ఫలితం వస్తుంది కానీ, సరిగ్గా గీత మీద పడ్డ పాయింటు రెండు ఊళ్లలోనూ ఉన్నట్టు లెక్కవుతుంది. విథిన్ అయితే అలాంటి పాయింటు ఏ ఊరికీ కలవకుండా మిగిలిపోతుంది. మిగిలిపోతేనే మేలు, అప్పుడు మీ కంటపడుతుంది. అన్నీ టిక్ పెడితే ఎక్కువ కలుస్తాయని కొందరు అన్నిటికీ పెట్టేస్తారు. అలా చేయకండి.

తర్వాత ఏ ఫీల్డ్‌లు తేవాలో ఎంచుకోండి. ఖాళీగా వదిలేస్తే చుట్టుకొలత, విస్తీర్ణంతో సహా అన్నీ వచ్చిపడతాయి. గ్రామం పేరు, గ్రామ కోడ్, మండలం, జిల్లా చాలు. కోడ్ తప్పకుండా తీసుకోండి, ఇకమీదట ఏ టేబుల్‌తో కలపాలన్నా దాంతోనే కలపొచ్చు. కొత్త ఫీల్డ్ పేర్ల ముందు చేరే మాట అడిగే ప్రిఫిక్స్ గడిలో "హద్దు_" అనో "కొత్త_" అనో రాస్తే, సర్వేలో ఎవరో టైప్ చేసిన మండలం ఏదో, హద్దుల నుంచి వచ్చిన మండలం ఏదో పక్కపక్కనే విడివిడిగా కనిపిస్తాయి. రెండూ తేడాగా ఉన్న వరసలను వడకట్టి చూడండి, సర్వేలో ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుస్తుంది. ఈ పనిలో నాకు బాగా నచ్చే భాగం అదే.

జాయిన్ టైప్‌లో మూడు ఆప్షన్లున్నాయి. కలిసిన ప్రతిదానికీ ఒక వరస, మొదట దొరికినదాన్ని మాత్రమే, ఎక్కువ భాగం కప్పినదాన్ని మాత్రమే. పాయింట్లకి మొదటిది, అంటే కలిసిన ప్రతిదానికీ వరస ఇచ్చేది పెట్టండి. ఒక పంపుకి ఒకటే ఊరు కదా, మొదట దొరికింది చాలు కదా అనిపిస్తుంది. హద్దుల లేయర్లో రెండు ఊళ్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉంటే, మొదట దొరికింది ఏదవుతుందో మన చేతిలో ఉండదు. రెండు వరసలు వస్తేనే అక్కడ హద్దు తప్పుందని తెలుస్తుంది.

కలవని రికార్డులు తీసేయమనే గడి టిక్ చేయకండి. దాని కింద కలవని వాటిని వేరే లేయర్‌గా ఇచ్చే ఆప్షన్ ఉంది, అది పెట్టుకోండి. ఇప్పుడు రన్ నొక్కండి.

లాగ్‌లో ఎన్ని కలిశాయి, ఎన్ని కలవలేదు అని అంకెలు వస్తాయి. కిటికీ మూసేసే ముందు అవి చదవండి. 500 పాయింట్లు ఇచ్చి ఫలితంలో 507 వరసలు వచ్చాయంటే హద్దులు ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట్లున్నాయి. 500కి 500 వచ్చి అందులో 12 ఖాళీగా ఉంటే ఆ 12 హద్దుల బయటో, సరిగ్గా గీత మీదో పడ్డాయి. 500కి 500 వచ్చి ఖాళీలు కూడా లేకపోయినా మూడు నాలుగు పాయింట్లు మ్యాప్ మీద చూడండి, మీకు బాగా తెలిసిన ఊళ్లయితే ఇంకా మంచిది.

గీతకి దగ్గరగా ఉన్నవి, బయట పడ్డవి

ఫోన్ జీపీఎస్ మంచి ఆకాశం కింద కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద, గోడల పక్కన ఇంకా ఎక్కువ. హద్దు గీత కూడా పాత పటం మీంచి గీసిందైతే అదీ కొంత జరిగే ఉంటుంది. కాబట్టి గీతకి పది, ఇరవై మీటర్ల లోపున్న పంపు ఏ ఊరిదో కంప్యూటర్ చెప్పిన జవాబుని అలాగే నమ్మకూడదు. వాటిని గుర్తుపెట్టే పద్ధతి ఇది. పంపుల లేయర్, గ్రామాల లేయర్ రెండింటినీ యూటీఎంకి మార్చండి. గ్రామాలను పాలిగన్స్ టు లైన్స్ టూల్‌తో గీతలుగా చేయండి. తర్వాత జాయిన్ అట్రిబ్యూట్స్ బై నియరెస్ట్ తెరిచి, పంపులకి ఆ గీతలను జతచేస్తూ గరిష్ఠ దూరం 20 అని ఇవ్వండి. దూరం చెప్పే ఫీల్డ్ ఒకటి కలుస్తుంది. అది నిండిన పంపులన్నీ ఊళ్లోకి వెళ్లి అడిగి తేల్చుకోవాల్సినవి. వాటికి గీతకి రెండువైపుల ఊళ్లకీ వరస రావచ్చు, కంగారుపడకండి.

హద్దుల బయట పడ్డవాటికీ ఇదే నియరెస్ట్ టూల్ పనికొస్తుంది. కోస్తాలో ఇది తరచూ ఎదురవుతుంది. హద్దుల లేయర్లో తీరం గీతని సులువుగా గీసి ఉంటారు, జెట్టీ మీదున్న పాయింటు సముద్రంలో పడుతుంది. అలాంటివాటికి దగ్గరి గ్రామాన్ని జతచేయొచ్చు, కానీ గరిష్ఠ దూరం ఇవ్వకుండా నడపకండి. ఇవ్వకపోతే గల్ఫ్ ఆఫ్ గినీలో ఉన్న పాయింటుకి కూడా ఏదో ఒక ఊరు అంటగడుతుంది. ఈ టూల్ దూరాన్ని లేయర్ సీఆర్ఎస్ ప్రమాణంలోనే లెక్కేస్తుందని మరవొద్దు. 4326లో ఉన్న లేయర్‌కి 20 అని ఇస్తే అది 20 డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు.

చెరువుల దగ్గరికి వస్తే

పాయింటుకి ఒక జవాబే ఉంటుంది. పాలిగన్ మీద పాలిగన్ పడ్డప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. దానికి చెరువుని మించిన ఉదాహరణ మన దగ్గర లేదు. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ తలపెట్టినప్పుడు తెలంగాణలో లెక్కకొచ్చిన చిన్ననీటి వనరులే 46 వేలకు పైగా ఉన్నాయి. కట్ట ఒక ఊళ్లో, నీళ్లు పరుచుకునే శిఖం రెండు మూడు ఊళ్లలో, తూము కింద ఆయకట్టు ఇంకో ఊళ్లో ఉండటం కొత్తేమీ కాదు. అలాంటప్పుడు "ఈ చెరువు ఏ ఊరిది?" అన్న ప్రశ్నకి మ్యాప్‌లో ఒక్క జవాబు లేదు. మీకు కావాల్సిందేమిటో ముందు తేల్చుకోవాలి.

చెరువుకి ఒక చిరునామా కావాలంతే, జాబితాలో ఒక వరస, ఒక ఊరి పేరు చాలంటే పైన చెప్పిన జాయిన్ టూల్‌లోనే ఇంటర్‌సెక్ట్ టిక్ పెట్టి, జాయిన్ టైప్‌లో ఎక్కువ భాగం కప్పినదాన్ని తీసుకునే ఆప్షన్ పెట్టండి. ఇక్కడ మామూలు ఇంటర్‌సెక్ట్‌ని కలిసిన ప్రతిదానికీ వరస ఇచ్చే ఆప్షన్‌తో నడిపితే, కేవలం గీత తగిలిన పొరుగూళ్లు కూడా వచ్చేస్తాయి. ఒడ్డు గీత, ఊరి గీత ఒకటే అయిన చోట ఒక్క గజం నీళ్లు కూడా లేని ఊరు చెరువు జాబితాలో కనిపిస్తుంది.

ఒక్కో ఊళ్లో ఎన్ని ఎకరాలు పడుతుందో కావాలంటే జాయిన్ సరిపోదు, చెరువుని హద్దు దగ్గర ముక్కలు చేయాలి. వెక్టర్ మెనూలో జియోప్రాసెసింగ్ టూల్స్, అందులో ఇంటర్‌సెక్షన్. చెరువులు మొదటి లేయర్, గ్రామాలు రెండోది. ప్రతి ముక్కకీ రెండు లేయర్ల వివరాలూ వస్తాయి. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో కొత్త ఫీల్డ్ పెట్టి, డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా ఫంక్షన్ వాడండి. అది ప్రాజెక్టులో పెట్టిన ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి వాడే నమూనా) ప్రకారం భూమి వంపుని లెక్కలోకి తీసుకుంటుంది. ప్రాజెక్టు సెట్టింగుల్లో విస్తీర్ణం చదరపు మీటర్లలో ఉందో లేదో చూసుకోండి. దాన్ని 4046.86తో భాగిస్తే ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి గుంట సుమారు 101 చదరపు మీటర్లు.

ఒక చెరువు 48 ఎకరాలనుకుందాం. ముక్కలు చేస్తే ఒక ఊళ్లో 31 ఎకరాలు, పక్క ఊళ్లో 16 ఎకరాల 20 గుంటలు, మూడో ఊళ్లో 20 గుంటలు వచ్చాయి. ఈ 20 గుంటలు నిజంగా ఆ ఊళ్లో ఉన్న నీళ్లా, లేక గీతలు సరిగ్గా కలవక పుట్టిన పేలికా? చెరువు గీత శాటిలైట్ బొమ్మ మీంచి వచ్చింది, ఊరి గీత రెవెన్యూ పటం మీంచి వచ్చింది, రెండూ ఒకే చోట కూర్చుంటాయన్న హామీ లేదు. ముక్క ఆకారం చూడండి. ఒడ్డు పొడుగునా సన్నగా దారంలా సాగి ఉంటే అది పేలికే, తీసేయొచ్చు. ముద్దగా ఒకచోట ఉంటే అది నిజమైన శిఖం కావచ్చు, ఎంత చిన్నదైనా ఉంచండి. ఇన్ని గుంటల లోపువన్నీ తీసేయాలని ఒకే గీటు గీసుకోవడం తేలికే, కానీ చిన్న కుంటలున్న మండలంలో ఆ గీటు నిజమైన భూమిని మింగేస్తుంది. ఇంకో మాట, మ్యాప్ మీద వచ్చిన ఈ ముక్క ఎవరి పట్టా, ఎవరి శిఖం అన్న తగాదాకి ఆధారం కాదు. దానికి సర్వే నంబర్ వారీ రికార్డు, క్షేత్రస్థాయి కొలత కావాలి.

ఇక్కడే ఇంకో పెద్ద పొరపాటుకి దారుంది. ఇంటర్‌సెక్షన్ చేసినప్పుడు ప్రతి ముక్కకీ చెరువు వివరాలు మొత్తంగా కాపీ అవుతాయి. ఆయకట్టు 120 ఎకరాలని చెరువు టేబుల్‌లో ఉంటే మూడు ముక్కలకీ 120 అనే వస్తుంది. ఊళ్ల వారీగా కూడితే మండలం మొత్తానికి 360 ఎకరాలు తేలుతుంది. సరే, ముక్క విస్తీర్ణం నిష్పత్తిలో పంచేద్దాం అంటే, నీటి విస్తీర్ణం లాంటివాటికి అది నడుస్తుంది. ఆయకట్టుకి నడవదు. ఆయకట్టు కట్ట కింద ఉంటుంది, శిఖం కట్ట పైన ఉంటుంది. పై ఊళ్లో ఎక్కువ శిఖం ఉన్నంత మాత్రాన పై ఊరికి ఎక్కువ ఆయకట్టు ఉండదు, మామూలుగా దానికి ఉల్టా ఉంటుంది. ఆయకట్టు ఊళ్ల వారీగా కావాలంటే ఆయకట్టు పాలిగన్లే వేరుగా గీసి వాటిని ముక్కలు చేయాలి. ఏ ఫీల్డ్‌ని పంచొచ్చు, ఏది పంచకూడదు అని ఫీల్డ్ ఫీల్డ్‌కీ ఆలోచించాలి. రైతులకి నీళ్లు లెక్కగట్టే టేబుల్ ఇది, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

ఊరికి ఎన్ని చెరువులు, ఎన్ని పంపులు అన్న లెక్కలకి ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో జాయిన్ అట్రిబ్యూట్స్ బై లొకేషన్ (సమ్మరీ) అన్న ఇంకో టూల్ ఉంది. ఈసారి గ్రామాలు మొదటి లేయర్. లెక్క, మొత్తం, సగటు ఏది కావాలంటే అది వస్తుంది. రెండు ఊళ్లలో ఉన్న చెరువు రెండుచోట్లా లెక్కకొస్తుంది కాబట్టి ఊళ్ల అంకెలు కూడి మండలం అంకె చెప్పకండి.

ఎప్పటికప్పుడు దానంతట అదే నిండాలంటే

పైన చెప్పినదంతా ఒకసారి నడిపి కొత్త లేయర్ తయారుచేసే పద్ధతి. రోజూ కొత్త పాయింట్లు పడుతుంటే ప్రతిసారీ ఇది చేయలేరు. పాయింటు పెట్టగానే ఊరి పేరు దానంతట అదే పడేలా చేయొచ్చు. దీనికి పనికొచ్చే ఓవర్‌లే ఫంక్షన్లు, అంటే ఒక లేయర్ ఇంకో లేయర్ మీద ఎక్కడ పడుతుందో చూసేవి, క్యూజీఐఎస్ 3.16 నుంచి సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి.

హద్దుల లేయర్‌కి ప్రాజెక్టులో గ్రామాలు అని, అందులో పేరున్న ఫీల్డ్‌కి గ్రామం అని పేర్లు పెట్టుకున్నారనుకుందాం. పంపుల లేయర్ ప్రాపర్టీస్ తెరిచి అట్రిబ్యూట్స్ ఫారమ్‌కి వెళ్లండి. ఊరి పేరు పడాల్సిన ఫీల్డ్‌ని ఎంచుకుని, కింద డిఫాల్ట్స్ దగ్గర డిఫాల్ట్ వాల్యూ పక్కనున్న ఎప్సిలాన్ గుర్తు నొక్కండి. ఎక్స్‌ప్రెషన్ కిటికీలో వెతికే గడిలో ఓవర్‌లే అని కొడితే జాబితా వస్తుంది, అందులో ఓవర్‌లే విథిన్ మీద డబుల్ క్లిక్ చేయండి. ఫంక్షన్ పేరు, మొదటి బ్రాకెట్ పడతాయి. దాని పక్కన మిగతాది ఇలా పూర్తిచేయండి:

'గ్రామాలు', "గ్రామం")[0]

లేయర్ పేరుకి ఒంటి కోట్లు, ఫీల్డ్ పేరుకి జంట కోట్లు. ఇవి తారుమారైతే ప్రతి పాయింటుకీ నిజమైన ఊరి పేరు బదులు "గ్రామం" అన్న మాటే పడుతుంది, లేదా ఖాళీ వస్తుంది. చివరి [0] ఎందుకంటే ఈ ఫంక్షన్ ఒక పేరు కాదు, పేర్ల జాబితా ఇస్తుంది. అందులో మొదటిది కావాలని చెప్పడం అది. ఊరి లోపల లేని పాయింటుకి జాబితా ఖాళీ కాబట్టి ఫీల్డ్ ఖాళీగానే ఉంటుంది. చెరువు లేయర్‌కి అయితే ఓవర్‌లే ఇంటర్‌సెక్ట్స్ తీసుకుని, [0] పెట్టకుండా, జాబితాని అర్రే టు స్ట్రింగ్ ఫంక్షన్‌లో పెడితే తగిలిన ఊళ్లన్నీ కామాలతో ఒకే గడిలో వస్తాయి.

కింద అప్లై డిఫాల్ట్ వాల్యూ ఆన్ అప్‌డేట్ అన్న గడి ఉంటుంది. టిక్ పెడితే పాయింటుని జరిపినప్పుడల్లా ఊరి పేరు మళ్లీ లెక్కకొస్తుంది. పెట్టకపోతే మొదటిసారి పడిన పేరే ఉండిపోతుంది. జరిపే అవకాశం ఉన్న డేటాకి టిక్ పెట్టడమే సరి. కానీ గీతకి దగ్గరున్న పంపుకి మీరు ఊళ్లో అడిగి చేత్తో దిద్దిన పేరుని కూడా ఇది తర్వాతి సవరణలో తుడిచేస్తుంది. అందుకని చేత్తో దిద్దేవాటికి ఇంకో ఫీల్డ్ వేరుగా పెట్టుకోండి. ఆటోమేటిక్ ఫీల్డ్‌ని ఫారమ్‌లో ఎడిట్ చేయకుండా లాక్ చేయడం ఇంకా మంచిది.

ఈ ప్రాజెక్టుని ఫోన్‌లో క్యూజీఐఎస్ ప్రాజెక్టులు నడిపే క్యూఫీల్డ్ యాప్‌లోకి పంపితే ఫోన్‌లో కూడా పాయింటు పెట్టగానే ఊరి పేరు పడుతుంది. హద్దుల లేయర్ కూడా ప్యాకేజీలో ఉండాలి, లేకపోతే ఖాళీ వస్తుంది. ఫోన్‌లో హద్దులు మరీ బరువైతే మీరు పనిచేసే మండలాల వరకే కత్తిరించి పంపండి. ఊరూరా తిరిగి పనిచేసేవాళ్లకి ఇది పెద్ద ఊరట, ఎండలో నిలబడి ఊరి పేరు టైప్ చేసే పని తప్పుతుంది, అక్కడే నిలబడి పేరు సరిగ్గా పడిందో లేదో ఊరివాళ్లని అడిగే వీలూ ఉంటుంది.

ఇదే ఎక్స్‌ప్రెషన్‌ని ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో వర్చువల్ ఫీల్డ్‌గానూ పెట్టొచ్చు. అది ఎక్కడా దాచుకోదు, చూసిన ప్రతిసారీ లెక్కేస్తుంది కాబట్టి హద్దులు మారినా తాజాగానే ఉంటుంది. కానీ ప్రాజెక్టు ఫైల్‌లో మాత్రమే బతుకుతుంది. జియోప్యాకేజీ ఒక్కటే ఎవరికైనా పంపితే ఆ ఫీల్డ్ వాళ్లకి కనిపించదు. వరసలు ఎక్కువైతే టేబుల్ తెరవడానికే చాలాసేపు పడుతుంది. డిఫాల్ట్ వాల్యూ దీనికి వ్యతిరేకం: ఫైల్‌లోనే ఉంటుంది, వేగంగా ఉంటుంది, కానీ హద్దుల లేయర్ మారినంత మాత్రాన పాత వరసలు మారవు. జిల్లా మారిందనో, మండలం చీలిందనో కొత్త హద్దుల ఫైల్ పెట్టినప్పుడు ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఉన్న ఫీల్డ్‌నే అప్‌డేట్ చేస్తూ అదే ఎక్స్‌ప్రెషన్ ఒకసారి నడపాలి. అందరితో పంచుకునే డేటాకి నా ఓటు డిఫాల్ట్ వాల్యూకే.

నెలకోసారి ఒకే రకం ఫైల్ వచ్చి, ఫిక్స్ జామెట్రీస్, జాయిన్, నియరెస్ట్ వరసగా నడపాల్సి ఉంటే మోడల్ డిజైనర్‌లో ఆ టూల్స్‌ని గొలుసుగా కట్టి ప్రాజెక్టులోనే దాచుకోండి. కొత్త ఫైల్ ఇచ్చి ఒక్క రన్ కొడితే చాలు. కలవని పాయింట్లను బయటికిచ్చే అవుట్‌పుట్‌ని మోడల్‌లో మర్చిపోకుండా పెట్టండి, ఆటోమేటిక్‌గా నడిచేదాంట్లో ఎవరూ లాగ్ చదవరు.

డేటా పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాప్ డేటాబేస్‌లో ఉండి చాలామంది ఒకేసారి ఎక్కిస్తుంటే ఈ పని డేటాబేస్ ట్రిగ్గర్‌కి, అంటే వరస మారినప్పుడు దానంతట అదే నడిచే చిన్న ప్రోగ్రామ్‌కి, అప్పగించండి. కొత్త వరస పడే ముందు, లేదా స్థానం మారే ముందు, ఆ పాయింటు ఏ పాలిగన్‌లో ఉందో వెతికి గ్రామ కోడ్ నింపేలా రాస్తారు. ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్కించినా ఒకటే నియమం నడుస్తుంది. ఆర్క్‌జీఐఎస్ ప్రో అనే ఇంకో మ్యాప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి అనాలిసిస్ టూల్స్‌లో స్పేషియల్ జాయిన్ ఉంది, అందులోనూ ఒకటికి ఒకటి, ఒకటికి అనేకం అన్న ఆప్షన్లు, ఎక్కువ భాగం కప్పినదాన్ని తీసుకునే మ్యాచ్ ఆప్షన్ ఉన్నాయి. ఎప్పటికప్పుడు నిండటానికి దాని డేటా దాచే జియోడేటాబేస్‌లో అట్రిబ్యూట్ రూల్స్, అంటే ఫీల్డ్‌లు దానంతట అవే నిండే నియమాలు, రాసుకోవచ్చు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఫలితం లేయర్లో ఇంకో ఫీల్డ్ కలిపి, అందులో ఏ తేదీ నాటి హద్దులతో జాయిన్ చేశారో రాయండి. 2022 ఏప్రిల్‌కి ముందు హద్దులతో నింపిన జిల్లా పేరు, తర్వాతి హద్దులతో నింపిన జిల్లా పేరు ఒకే కాలమ్‌లో కలిసిపోతే, తర్వాత విడదీయడానికి ఆ తేదీ తప్ప ఇంకో ఆధారం ఉండదు.